అద్దాల గదిలో ఎవరూ లేరు

"మూడో వరస, తలుపు పక్క. ఉన్నారా?" అని అడిగాడు మైకు బాబాయి, మీట పైకెత్తి.

కింద చీకట్లో ఒక ఎర్రదీపం వెలిగింది. ఒక్క క్షణం ఆగి, "ఉన్నాను" అంది ఒక ఆడగొంతు.

మీట దించాడు. దీపం ఆరిపోయింది. పక్క మీట ఎత్తాడు. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు.

సభ జరిగే రోజుల్లో ప్రతి ఉదయం ఇదే తంతు. సభామందిరం వెనక గోడకు, పై అంతస్తు ఎత్తున, పిచ్చుకగూడులా అతికించిన ఒక అద్దాల గది ఉంది. బాబాయి కూర్చునేది అందులో. ఆయన ముందు ఏటవాలు బల్ల మీద, కింద ఎన్ని కుర్చీలున్నాయో అన్ని మీటలు. మీట ఎత్తితే ఆ కుర్చీ ముందున్న మైకు తెరుచుకుంటుంది, దాని మెడలో ఎర్రదీపం వెలుగుతుంది. దించితే ఎంతటి నాయకుడైనా మూగవాడితో సమానం. ఇన్ని నోళ్లూ సవ్యంగా ఉన్నాయో లేదో తెలియాలంటే కింద ఒక మనిషి ఉండాలి. కుర్చీ కుర్చీకీ మారి కూర్చుంటూ, అడిగినప్పుడల్లా "ఉన్నాను" అనాలి. అంతకుముందు ఈ గదిలో పనిచేసిన పాత పెద్దాయన పెట్టిన పద్ధతి ఇది. ఒకటి రెండు మూడు అని అంకెలు చదివితే మైకు పనిచేస్తోందని తెలుస్తుంది కానీ, మనిషి పలికాడని తెలియదు అనేవాడాయన.

ఒకప్పుడు కింద కూర్చోవడానికి ఒక సహాయకుడు ఉండేవాడు. పోయినసారి ఖర్చులు తగ్గించినప్పుడు అతని ఉద్యోగం పోయింది. అప్పటినుంచి సభ ఊడ్చే చెల్లెమ్మ, చీపురు చంకన పెట్టుకుని, ఆ పని ఊరికే చేసిపెడుతోంది. ఆవిడ అన్నయ్యా అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటాడు. అంతకుమించి చుట్టరికమేమీ లేదు. మంత్రిగారి కుర్చీలోకి రాగానే ఆవిడ గొంతు సవరించుకుని, "ఉన్నామయ్యా, మేం లేకపోతే మీరెక్కడ?" అనేది. రోజూ అదే హాస్యం. రోజూ బాబాయి నవ్వేవాడు.

ఆ ఉదయం మంత్రిగారి కుర్చీ నుంచి కూడా వట్టి "ఉన్నాను" మాత్రమే వచ్చింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు బాబాయి. సభ మొదలయ్యేదాకా దీపాలు వెయ్యకూడదని కొత్త ఆజ్ఞ కాబట్టి కింద మనిషి కనబడదు. చివరి కుర్చీ అయ్యాక తన ముందున్న చిన్న మైకులో, "సరే చెల్లెమ్మా, వెళ్లి టీ తాగు" అని చెప్పాడు. ఆ చిన్న మైకులో ఏం మాట్లాడినా, మీట ఎత్తి ఉన్న కుర్చీ ముందు అమర్చిన బుల్లి స్పీకరులోంచి వినబడుతుంది. అది ఉదయం పరీక్షకే. సభ సాగుతుండగా దాన్ని ముట్టుకునే అధికారం ఆయనకు లేదు. ముట్టుకోవాలని ఎన్నడూ అనిపించనూ లేదు.

కిందనుంచి జవాబు రాలేదు. వెళ్లిపోయి ఉంటుందనుకుని తనూ లేచాడు.

నడవలోనూ అద్దాల గదిలోనూ ఈ మధ్యే దీపాలు మార్చారు. మనిషి అలికిడి తగిలితే వెలుగుతాయి, లేకపోతే ఆరిపోతాయి. కరెంటు ఖర్చు తగ్గుతుందట. అందరికీ వెలుగుతున్నాయి. క్యాంటీను పిల్లికి కూడా వెలిగాయని సభకు కాపలా ఉండే మార్షల్ ఒట్టు పెట్టి చెప్పాడు. బాబాయికి మాత్రం వెలగడం లేదు. తనది నత్తనడక కాబట్టి అనుకున్నాడు మొదట్లో. తరవాత చేతులు ఊపి చూశాడు. ఒకరోజు చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, ఆ వయసులో, గెంతి కూడా చూశాడు. ఆ గెంతుకు ఛాతీలో పట్టేసిందే తప్ప దీపం పలకలేదు. ఇవాళ ఆ ఛాతీలోనే ఏదో బరువుగా ఉంది. ఇవాళా గోడ తడుముకుంటూనే మెట్లదాకా వెళ్లాడు.

మెట్ల దగ్గర టీ అతను బండి ఆపి గుమాస్తాలకు కప్పులు అందిస్తున్నాడు. బాబాయి వరసలో నిలబడి, తన వంతు రాగానే చెయ్యి చాచాడు. టీ అతను మూత పెట్టి బండి తోసుకుని వెళ్లిపోయాడు. కసి లేదు, కోపం లేదు. గోడ ముందునుంచి వెళ్లినట్టు వెళ్లాడు. చాచిన చేతిని ఏం చెయ్యాలో తోచక బాబాయి దాంతో నెత్తి గోక్కున్నాడు. నవ్వొచ్చింది. ఆ వెనకే భయం కూడా వేసింది.

భయపడటానికి కారణం ఉంది. బాబాయి అసలు దీపాలు బాగుచేసే పనివాడు. పాత పెద్దాయన రిటైరైనప్పుడు, కొత్త మనిషి వచ్చేదాకా నాలుగు రోజులు కూర్చోమంటే ఈ గదిలో కూర్చున్నాడు. కొత్త మనిషి రాలేదు. ఆ నాలుగు రోజుల్లోనే బాబాయికి పెళ్లయింది, కూతురు పుట్టింది, కూతురికి కూతురు పుట్టింది, జుట్టు ముగ్గుబుట్టయింది. జీతం 'ఇతరములు' అనే పద్దు కింద వచ్చేది. అందులో చీపుళ్లు, ఫినాయిలు, ఎలుకల మందు, బాబాయి. మైకు గది పోస్టు మాత్రం ఆఫీసు దృష్టిలో ఆనాటినుంచీ ఖాళీయే. ఇన్నేళ్లూ ఆ సంగతి ఎవరికీ అడ్డురాలేదు. ఇప్పుడు ఖజానాకు కరవొచ్చింది. లోటు పూడ్చాలంటే ఖర్చు తగ్గించాలని ప్రభుత్వం తీర్మానం తెచ్చింది. ఖాళీ పోస్టులన్నీ రద్దు, ఇతరములకు సగానికి సగం కోత. చర్చ, ఓటు ఇవాళే.

అంతకుముందు వారం బాబాయి ఆఫీసు సూపర్నెంటు దగ్గరికి వెళ్లాడు.

"ఆ పోస్టులో ఎవరూ లేరండీ" అన్నాడు సూపర్నెంటు.

"నేనున్నాను కదండీ."

"మీరున్నారు. పోస్టులో లేరు."

"మరి ఎక్కడున్నానండీ?"

సూపర్నెంటు చెడ్డవాడు కాదు. ఆ ప్రశ్నకు జవాబు కోసం ఆయన నిజంగానే ఆలోచించాడు. చివరికి ఒక దారి చెప్పాడు. సభలో ఎవరైనా సభ్యుడు లేచి, ఆ అద్దాల గదిలో ఒక మనిషి ఉన్నాడని ఒక్క ముక్క అంటే, అది రికార్డుకెక్కితే, ఇక దాన్ని ఎవరూ కాదనలేరట. సభలో నమోదైన మాటకు అంత బలం.

వెనక వరసలో కిటికీ పక్కన కూర్చునే సభ్యుడు ఒకాయన ఉన్నాడు. ఎప్పుడు కనబడినా పెద్దాయనా అని భుజం మీద చెయ్యేస్తాడు. బాబాయి ఆయన్ని పట్టుకుని సంగతి చెప్పుకున్నాడు. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఒక్క ముక్కే కదా, పొదుపు చర్చలో తన వంతు వచ్చినప్పుడు అనేస్తానన్నాడు.

ఇంటికెళ్లి ఈ మాట చెబితే భార్య నవ్వింది. "అందరి నోళ్లూ మీ చేతిలో పెట్టుకుని, మీకోసం ఇంకొకరి నోరు అరువు తెచ్చుకున్నారా?" అంది. ఆవిడకు జీతం గురించి దిగులు. బాబాయి దిగులు అది కాదు. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, ఇన్నేళ్లూ తను లేనేలేడని తేలడం ఒక ఎత్తు. రెండోది తలుచుకుంటే రాత్రిళ్లు నిద్రలోంచి లేచి తన చెయ్యి తనే పట్టుకుని చూసుకునేవాడు.

సభ మొదలైంది. దీపాలు వెలిగాయి, కుర్చీలు నిండాయి. ఆర్థిక మంత్రి లేచి, మంచం ఉన్నంతవరకే కాళ్లు చాచుకోవాలి అధ్యక్షా అన్నాడు. ప్రతిపక్ష నాయకుడు లేచి, మంచం మీరు అమ్ముకుని మా కాళ్లు నరుక్కోమంటున్నారు అన్నాడు. ఇటువాళ్లు బల్లలు చరిచారు, అటువాళ్లు కేకలు వేశారు. బాబాయి వేళ్లు మీటల మీద నడుస్తున్నాయి. సభాపతి ఎవరివైపు తల తిప్పితే వాళ్ల మైకు తెరుచుకోవాలి. ఆయన గంట రెండుసార్లు కొడతాడు. మొదటిది హెచ్చరిక, రెండోది ఆజ్ఞ. రెండో గంటకు మీట దిగాల్సిందే. మైకు లేని మాట ఈ సభలో మాట కాదు, కింద రాసుకునేవాళ్లు దానికి కలం ఎత్తరు. రెండో గంట మోగాక బాబాయి వేలు ఆలోచించడమనేది లేదు. ఎవరి పార్టీ ఏమిటి, ఎవరి వాక్యం ఎక్కడ తెగింది అన్నది దానికి పట్టదు. ఆయనంటే అన్ని పక్షాలకూ నమ్మకం ఉన్నది ఆ వేలి వల్లే.

"ఈ పొదుపు వల్ల ఒక్క మనిషి కడుపు మీద కూడా కొట్టడం లేదు అధ్యక్షా" అన్నాడు మంత్రి, మధ్యాహ్నానికి ముందు. "మనుషులు లేని కుర్చీలనే తీసేస్తున్నాం."

ఆ మాట హెడ్‌ఫోనులో బాబాయి చెవి పక్కనే చెప్పినట్టు వినబడింది. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

భోజన విరామంలో మార్షల్ మెట్లెక్కి పైకొచ్చాడు. మోకాళ్లు పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ, కింద చెత్త చూశావా బాబాయ్ అన్నాడు. ఊడ్చేవాళ్లందరినీ నిన్న సాయంత్రంతోనే ఆపేశారట. ఓటు కాకముందే ఇతరముల కోత వాళ్లకు తగిలిందట. లోపలికొచ్చే కార్డులు గేటు దగ్గరే తీసేసుకున్నారట.

"చెల్లెమ్మ పొద్దున వచ్చింది కదా" అన్నాడు బాబాయి.

"ఎక్కడికి?"

"సభలోకి. మైకుల దగ్గరికి."

"చీమ కూడా రాలేదు. తెల్లారినప్పటినుంచీ తాళంచెవి నా జేబులోనే ఉంది. నువ్వు మైకులు చూసుకుని కిందికి దిగాక కదా మందిరం తలుపు తీసింది" అన్నాడు మార్షల్. బాబాయి ముఖం చూసి, ఎండలో వచ్చావేమో, కాస్త మంచినీళ్లు తాగమని చెప్పి దిగిపోయాడు.

బాబాయి నీళ్లు తాగలేదు. ఉదయం విన్నదంతా మళ్లీ గుర్తుచేసుకున్నాడు. ఆ కుర్చీలు మెత్తనివి. ఎవరు కూర్చున్నా వాటిలోంచి బుస్సుమని గాలి పోతుంది, హెడ్‌ఫోనులో ముందు ఆ చప్పుడు వస్తుంది, తరవాత మాట. పొద్దున్న మాట ఒక్కటే వచ్చింది. ఒక్క కుర్చీలోనైనా గాలి పోలేదు. ఎవరూ కూర్చోని కుర్చీలన్నీ వరసగా ఉన్నాను, ఉన్నాను అని చెల్లెమ్మ గొంతుతో జవాబు చెప్పాయి. బాబాయి చెవులనుంచి హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టినా అది సన్నగా గుసగుసమంటూనే ఉంది. కింద మందిరం ఖాళీగా ఉంది, మీటలన్నీ దించి ఉన్నాయి.

మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా దిగే వేళకు కిటికీ పక్క సభ్యుడి వంతు వచ్చింది. బాబాయి మీట ఎత్తాడు. ఆ ఎర్రదీపాన్ని అంత ఆశగా ఎన్నడూ చూడలేదు. సభ్యుడు మంచి మాటకారి. ఖజానా గురించి మాట్లాడాడు. తన ప్రాంతంలో సగం కట్టి వదిలేసిన వంతెన గురించి మాట్లాడాడు. వంతెన మీంచి మేకలే తప్ప మనుషులు వెళ్లడం లేదంటే సభ నవ్వింది, నవ్వేసరికి ఆయనకు హుషారొచ్చి ఆ మేకల్ని ఇంకాసేపు మేపాడు. మొదటి గంట మోగింది. బాబాయి ఛాతీలో ఉదయం నుంచి ఉన్న బరువు భుజం దాకా పాకింది. చెప్పండి బాబూ, చెప్పెయ్యండి అని పెదాల్లోనే గొణుక్కున్నాడు.

"ఆఖరుగా ఒక్క ముక్క అధ్యక్షా" అన్నాడు సభ్యుడు, తల పైకెత్తి. "ఖాళీలంటున్నారు. అదిగో, ఆ పైన అద్దాల గదిలో"

రెండో గంట మోగింది. బాబాయి వేలు పడింది.

అద్దంలోంచి చూస్తే సభ్యుడి పెదాలు ఇంకా కదులుతున్నాయి. చెయ్యి పైకి చూపిస్తోంది. మాట లేదు. రాసుకునేవాళ్లు కలాలు దించేశారు. బాబాయి తన వేలి వైపు చూశాడు. అది మీట మీద ఎప్పటిలాగే నిమ్మళంగా ఉంది. అది ఏం చేసిందో ఆయనకు అప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సభాపతి అనుమతి లేకుండా, మీట మళ్లీ ఎత్తాడు. అలాంటి పని ఆయన జీవితంలో చెయ్యలేదు. ఎర్రదీపం వెలిగింది. కానీ సభ్యుడు అప్పటికే చేతులు జోడించి, పైకి చూసి, నేనేం చెయ్యను పెద్దాయనా అన్నట్టు భుజాలు ఎగరేసి, బయటికి వెళ్లిపోతున్నాడు. దీపం ఖాళీ కుర్చీ ముందు వెలుగుతోంది.

సభాపతి కాగితాలు సర్దుకున్నాడు. చర్చ ముగిసినట్టే. ఓటుకు పెట్టబోయే ముందు అడగాల్సిన మాట అడిగాడు.

"ఇంకా మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

బాబాయికి ఆ ప్రశ్న బాగా తెలుసు. ఏళ్ల తరబడి అడిగింది ఆయనే. చిన్న మైకు దగ్గరికి వంగాడు. మీసం దానికి తగిలేంత దగ్గరగా నోరు పెట్టాడు.

"ఉన్నాను."

ఆ మాట వెనక వరసలోంచి, కిటికీ పక్కన, ఎవరూ లేని కుర్చీ ముందునుంచి వచ్చింది. పెద్దగా లేదు. ముసలి గొంతు, కాస్త ఆయాసం. సభంతా ఒక్కసారిగా అటు తిరిగింది. పక్క కుర్చీ సభ్యుడు గబుక్కున లేచి రెండడుగులు జరిగాడు. మంత్రి చేతిలో గ్లాసు చేతిలోనే ఉంది. పైకి చూడాలని ఎవరికీ తోచలేదు. మాట ఎక్కడినుంచి వస్తే అక్కడే మనిషిని వెతకడం అందరికీ అలవాటు.

"ఎవరది?" అన్నాడు సభాపతి.

ఉన్నాను అన్నాక ఇంకేం చెప్పాలో బాబాయికి తెలియదు. కింద కూర్చున్నవాళ్లు అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు. ఎవరది అన్న ప్రశ్నకు జవాబు ఆ పద్ధతిలో లేదు. ఆయన ఊపిరి మాత్రం ఆ బుల్లి స్పీకరులోంచి కాసేపు వినబడింది.

సభాపతి గుమాస్తాతో ఏదో మాట్లాడాడు. గొంతు సవరించుకుని, సభ్యుడు లేని స్థానం నుంచి వచ్చిన మాట రికార్డుకెక్కదని తీర్పు చెప్పాడు. అవుననేవారు అవునన్నారు, కాదనేవారు కాదన్నారు. అవునన్న కేకే గట్టిగా ఉంది. తీర్మానం నెగ్గింది. అందరూ మామూలు కంటే తొందరగా లేచి వెళ్లిపోయారు, ఆ కిటికీ వైపు చూడకుండా.

దీపాలు ఆర్పేశారు. బాబాయి మీటలు ఒక్కో వరసే సరిచూసుకుంటూ అన్నీ దించాడు. కిటికీ పక్క మీట అన్నిటికంటే చివర దించాడు. మందిరం పూర్తిగా చీకటయింది. ఇంటికి వెళ్లాలి, భార్య అడుగుతుంది, చెప్పాలి. లేవబోతే ఛాతీ మీద ఎవరో మోకాలు ఆనించినట్టయి మళ్లీ కూర్చుండిపోయాడు. కాసేపాగి వెళదాం అనుకున్నాడు. అలవాటు కొద్దీ హెడ్‌ఫోను చెవులకు తగిలించుకున్నాడు.

మొదట ఏమీ లేదు. తరవాత బుస్సుమని, మెత్తటి కుర్చీలోంచి గాలి పోయిన చప్పుడు. అంత దగ్గరగా వినబడటం ఎప్పుడూ లేదు.

"అన్నయ్యా" అంది చెల్లెమ్మ గొంతు. "అద్దాల గది. ఉన్నావా?"

బాబాయికి ఈసారి భయం వెయ్యలేదు. తనను ఎవరైనా ఆ మాట అడగడం ఇదే మొదటిసారని మాత్రం అనిపించి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉన్నాను చెల్లెమ్మా" అన్నాడు.

ఆ మాటకు, గదిలో కొత్తగా పెట్టిన దీపం ఆయనకు మొదటిసారి వెలిగింది. తరవాత అలికిడి లేకపోయేసరికి దానంతటదే ఆరిపోయింది.

ఆయన ఇంకా ఇంటికి రాలేదని భార్య ఫోను చేస్తే, మార్షల్ పైకెళ్లి తలుపు తీసి చూశాడు. బాబాయి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కూతురు వచ్చింది. జరగాల్సినవి జరిగాయి. ఆఫీసు తరఫున దండ తేవాలా అన్న ప్రశ్న వచ్చింది కానీ, ఏ పోస్టు పేరు మీద తేవాలో తేలక సూపర్నెంటే సొంతంగా ఒకటి తెచ్చి, అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. పరామర్శకు వచ్చిన చెల్లెమ్మ బాబాయి భార్య చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ రోజు పొద్దున్న తను ఇంట్లో మంచం మీదే ఉందట. పని లేదు, ఏం చెయ్యాలో తోచక, ఆ వేళకు అలవాటైన నోరు కదా, కళ్లు మూసుకుని ఒక్కో కుర్చీ తలుచుకుంటూ ఉన్నాను, ఉన్నాను అని తనలో తను అనుకుందట. సాయంత్రం మటుకు ఎందుకో ఆయన గుర్తొచ్చి, అన్నయ్యా అని పైకే పిలిచిందట. భార్య విని, ఆవిడకు మంచినీళ్లు ఇచ్చింది.

తరవాతి వారం అద్దాల గదిలో మనిషి అక్కర్లేని యంత్రం బిగించడానికి ఇద్దరు పనివాళ్లు వచ్చారు. మీటల బల్ల విప్పి బయట పెట్టారు. కుర్చీ తియ్యబోతే దాని మీద ఒక మెత్త కనబడింది. ఎవరో పాత నూలు చీరల ముక్కలు కలిపి, అంచుల్లో పెద్ద పెద్ద కుట్లు వేసి కుట్టింది. నడుమ బాగా అణిగిపోయి ఉంది. పోస్టు ఖాళీ అన్నారే అని ఒకడు, ఉంటే ఏం లేకపోతే ఏం, దులుపు అని ఇంకొకడు. మొదటివాడు మెత్తను గోడకేసి కొట్టి దులిపాడు. వేళ్లతో పొడిచి దూది పైకి లేపాలని చూశాడు. అది లేవలేదు. తిరగేసి చూస్తే రెండో వైపు కూడా, మనిషి కూర్చున్నంత మేర, అంతే లోతున పల్లం పడి ఉంది.